కొత్త బండి ఏసీ: చల్లదనం సూపర్, తిప్పడానికి నాబే లేదు

విశాఖలో 18 ఏళ్లుగా టాక్సీ నడుపుతున్నాను. సొంత బండి, గాజువాక స్టాండు. గిరాకీ ఎక్కువగా సింహాచలం, అరకు, చలికాలమైతే లంబసింగి, వంజంగి. పోయిన దసరాకి పాత సెడాన్ ఇచ్చేసి ఏడు సీట్ల డీజిల్ బండి తీసుకున్నాను. 11 నెలల్లో 41 వేల కిలోమీటర్లు తిరిగింది. ఏ కంపెనీదో రాయను. ఇంజన్ బాగుంది, సస్పెన్షన్ బాగుంది, మైలేజీ వాళ్లు చెప్పినదానికి కాస్త తక్కువైనా సర్దుకుపోవచ్చు. నా గొడవంతా ఏసీ, హీటర్ నడిపే ఆ పలకతోనే. షోరూములో పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో ఈ సంగతి తెలియదు. సేల్స్ కుర్రాడు తెర మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు. మా ఆవిడ, పిల్లలు నోరు తెరుచుకుని చూశారు, నేనూ చూశాను. ఆ వేలు జరిపింది ఆగి ఉన్న బండిలో అని నాకు అప్పుడు తట్టలేదు.

ముందు మంచి చెబుతాను. చల్లదనంలో ఈ బండికి వంక పెట్టలేను. మే నెలలో రుషికొండ బీచ్ దగ్గర రెండు గంటలు ఎండలో పెట్టి తీస్తే స్టీరింగ్ పట్టుకోలేనంత కాలింది. అద్దాలు నాలుగూ దించి, బ్లోయర్ ఫుల్లు పెట్టి ఒక నిమిషం అలాగే నడిపాను. లోపల ఉడికిన గాలి ముందు బయటికి పోవాలి కదా. ఆ తర్వాత అద్దాలు ఎత్తి, లోపలి గాలే తిరిగేలా పెట్టాను. మంగమారిపేట వచ్చేసరికి వెనక కూర్చున్నావిడ చున్నీ భుజాల చుట్టూ కప్పుకుంది. పాత బండిలో అయితే భీమిలి దాకా చెమటలు తుడుచుకోవాల్సిందే. మూడో వరసకి కూడా పైకప్పులోంచి గాలి వస్తుంది. ‘మాకు గాలి రావట్లేదు’ అన్న మాట ఇప్పటిదాకా వెనక నుంచి వినలేదు. టాక్సీవాడికి అది చిన్న సంగతి కాదు.

ఇక పలక సంగతి. పాత బండిలో మూడు నాబులు ఉండేవి. ఎడమది బ్లోయర్. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఒక్కో అంకె దగ్గర వేలికి చిన్నగా టక్కున తగిలేది. మధ్యది నీలం నుంచి ఎరుపుకి. కుడిది గాలి ముఖానికా, కాళ్లకా, అద్దానికా అన్నది. కింద ఒక జారే మీట, ఒక పక్కకి తోస్తే బయటి గాలి, ఇంకో పక్కకి తోస్తే లోపలి గాలి. తొమ్మిదేళ్లలో వాటిని చూసి తిప్పిన గుర్తు నాకు లేదు. మా ఆవిడ కరెంటు పోయినప్పుడు చీకట్లో పోపుల పెట్టెలోంచి ఆవాలు తీసినట్టు, ఎడమ చెయ్యి గేరు మీంచి లేచి తిన్నగా నాబు మీదికి వెళ్లేది. అలాగని ఆ బండిని నెత్తిన పెట్టుకోను. ఒకసారి బ్లోయర్ వేగం తగ్గించే రెసిస్టర్ కాలిపోయింది. ఒకటి, రెండు, మూడు పోయి నాలుగు ఒక్కటే మిగిలింది. సామాను దొరికేదాకా పది రోజులు తుఫాను గాలైనా ఉండేది, లేదంటే అసలు గాలే లేదు. పిల్లలతో వచ్చినవాళ్లు నన్ను ఎంత తిట్టుకున్నారో.

కొత్త బండిలో నాబులన్నీ ఎత్తేశారు. 10.25 అంగుళాల తెర, దాని కింద నల్లగా నిగనిగలాడే సన్నటి పట్టీ. పట్టీ మీద డిగ్రీలు పెంచే తగ్గించే గుర్తులు, ముందు అద్దం ఆవిరి తీసే గుర్తు, వెనక అద్దానిది, ఆటో అని ఒకటి. అన్నీ చదునే, వేలికి ఏదీ తగలదు. బ్లోయర్ వేగం, గాలి ఎటు రావాలి, బయటి గాలా లోపలి గాలా అన్నవి తెర లోపల ఉన్నాయి. మ్యాప్ నడుస్తుంటే ముందు క్లైమేట్ అన్న బొమ్మ నొక్కాలి, అది తెరుచుకున్నాక ఫ్యాన్ బొమ్మ, ఆ తర్వాత గీత మీద వేలు జరపాలి. కాసేపు తాకకపోతే అదే మళ్లీ మ్యాప్‌కి వెళ్లిపోతుంది. ఘాట్‌లో ఆ కాసేపట్లో ఒక మలుపు వచ్చి పోతుంది. గతుకుల రోడ్డు మీద 23కి వెళ్లాల్సిన వేలు 27 మీద వాలుతుంది. వర్షంలో సామాను డిక్కీలో సర్ది తడి చేత్తో ఎక్కితే ఆ పట్టీకి నా వేలు మనిషి వేలులాగే అనిపించదు. లుంగీకో ప్యాంటుకో తుడుచుకుని మళ్లీ నొక్కాలి.

ఇంకొకటి. బండి స్టార్ట్ చేశాక తెర నిద్ర లేవడానికి టైం పడుతుంది. కంపెనీ గుర్తు వస్తుంది, పోతుంది, ఏదో గుండ్రంగా తిరుగుతుంది. రాత్రి బ్లోయర్ ఫుల్లులో ఉంచి బండి ఆపేశాననుకోండి, పొద్దున కస్టమర్ ఎక్కగానే దుమ్ము వాసన వేసే వేడి గాలి ఫుల్లుగా మొహాన కొడుతుంది. తెర లేచేదాకా ఆయన నన్ను, నేను తెరని చూస్తూ కూర్చోవాలి. అందుకే రాత్రి ఆపే ముందు ఫ్యాన్ తగ్గించడం అలవాటు చేసుకున్నాను. ఇల్లు ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉందనగా ఏసీ ఆపి వట్టి ఫ్యాన్ నడపడం నా పాత అలవాటు. లోపల కాయిల్ మీది తడి ఆరుతుంది, పొద్దున్నే తడి గోనెసంచి వాసన రాదు. పాత బండిలో దానికి ఒక్క బటన్. ఇందులో మూడు సార్లు తాకాలి. అలసిపోయి వచ్చిన రాత్రి చాలాసార్లు వదిలేస్తున్నాను. వాసన అప్పుడే మొదలైంది.

ఇదంతా నా వయసు వల్ల వచ్చిన ఇబ్బందేమో అనుకునేవాణ్ణి. అరకు వెళ్తుంటే ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ గారు నా తిప్పలు చూసి ఒక సంగతి చెప్పారు. స్వీడన్‌లో వి బిలేగరే అనే కార్ల పత్రిక 2022లో 11 కొత్త కార్లని, వాటి పక్కన 2005 నాటి పాత వోల్వోని పెట్టి పరీక్ష చేసింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంలో నాలుగు పనులు చెయ్యాలి. అందులో ఒకటి సీటు హీటర్ వేసి, వేడి రెండు డిగ్రీలు పెంచి, అద్దం ఆవిరి తీసే బటన్ నొక్కడం. పాత వోల్వోలో నాలుగు పనులూ పది సెకన్లలో అయిపోయాయి, ఈలోగా కారు 306 మీటర్లు వెళ్లింది. అందరికంటే వెనకబడ్డ కొత్త కారులో 44 సెకన్లు దాటింది, కారు 1,372 మీటర్లు పోయింది. మన లెక్కలో చెప్పాలంటే కిలోమీటరు దాటి రోడ్డు సరిగా చూడకుండా నడిపినట్టే.

ఆయనే ఇంకో మాట చెప్పారు. యూరప్‌లో కార్లని గుద్ది చూసి స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2026 నుంచి పూర్తి మార్కులు కావాలంటే కొన్నింటికి నిజమైన మీటలు ఉండాలంటున్నారట. ఇండికేటర్, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్, ఎమర్జెన్సీ కాల్. ఏసీ ఆ జాబితాలో లేదు. వైపర్ ఉంది కదా అంటారేమో. వైపర్ బయట తుడుస్తుంది మహాప్రభో, ఆవిరి పట్టేది లోపల.

ఆ ఆవిరి ఏం చేస్తుందో డిసెంబరులో చూశాను. హైదరాబాద్ నుంచి ఐదుగురు కుర్రాళ్లు వచ్చారు. రాత్రి ఒంటిగంటకి బయల్దేరి తెల్లారేసరికి లంబసింగిలో ఉండాలి, మంచు చూడాలి. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోతే పొద్దుటికి కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని అంటారు. వీళ్లేమో షార్టులతో వచ్చారు. అనకాపల్లి దాటాక లారీల పొగ ఎక్కువగా ఉందని లోపలి గాలే తిరిగేలా పెట్టాను. నర్సీపట్నంలో టీ తాగి ఎక్కాక ‘అన్నా, చలి చంపేస్తోంది, ఏసీ ఆపి హీటర్ వెయ్’ అన్నారు. వేశాను. ఒకడు ‘హీటర్‌కి డీజిల్ ఎక్కువ తాగుతుందా’ అని మొహమాటపడుతూ అడిగాడు. తాగదు. ఇంజన్ చల్లబరిచే నీళ్లు ఎలాగూ కాగుతుంటాయి, ఆ వేడినే చిన్న రేడియేటర్ గుండా లోపలికి పంపుతుంది. ఖర్చంతా కంప్రెసర్‌ది, అంటే ఏసీది. ఈ మాట చెప్పగానే 26లో ఉన్న హీటర్‌ని 28కి పెంచమన్నారు.

ఘాట్ మొదలైంది. ఐదుగురూ నిద్రపోయారు. ఆరుగురి ఊపిరి, తడిసిన బూట్లు, ఏసీ లేదు, బయటి గాలి లేదు. నేను గమనించనేలేదు. ముందు అద్దం కింది అంచు నుంచి తెల్లగా పాకింది, పాలు పొంగినట్టు. రెండు మలుపులు తిరిగేసరికి సగం అద్దం పోయింది. చెయ్యి పట్టీ మీదికి వెళ్లింది. ముందు అద్దం గుర్తు, వెనక అద్దం గుర్తు పక్కపక్కనే ఉంటాయి, ఒకే సైజు. ముందుది చేట ఆకారంలో ఉంటుంది, వెనకది సమంగా పలకలా ఉంటుంది. ఆ తేడా కంటికి తెలుస్తుంది గానీ వేలికి ఎలా తెలుస్తుంది? నేను వెనకది నొక్కాను. దీపం వెలిగింది, పని అయిందనుకున్నాను. వెనక అద్దం శుభ్రంగా తయారవుతోంది, ముందు అద్దం మాత్రం పూర్తిగా తెల్లబడింది. అరచేత్తో తుడిచాను. అది ఇంకా దరిద్రం. ఎదురుగా వచ్చిన బస్సు లైటు ఆ చారల మీద పడి చెదిరిపోయింది, రోడ్డు అంచు ఎక్కడుందో తెలియలేదు. నా పక్క అద్దం దించి, తల బయటపెట్టి, హజార్డ్ వేసి ఎడమకి ఆపాను. చలిగాలి తగిలి ఐదుగురూ ఒక్కసారి లేచి కేకలు.

ఆగాక లైటు వేసి, కళ్లతో చూసి, సరైన గుర్తు నొక్కాను. ఒక్క నొక్కుతో అన్నీ దానంతటవే జరిగాయి. ఫ్యాన్ ఫుల్లు, గాలి మొత్తం ముందు అద్దానికి, బయటి గాలి ఓపెన్, ఏసీ ఆన్. నిమిషం లోపే కింది నుంచి తెర ఎత్తినట్టు అద్దం తేరుకుంది. పనిచేస్తే ఎంత బాగా పనిచేస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముందు సీటు కుర్రాడు ‘చలిలో ఏసీ ఏంటన్నా’ అన్నాడు. చాలామందికి ఉన్న అనుమానమే. ఏసీ గాలిని చల్లబరుస్తూ అందులో నీళ్లు పిండేస్తుంది. ఎండాకాలం ఆగి ఉన్న బండి కింద బొట్లు బొట్లుగా కారేది ఆ నీళ్లే. అలా పిండిన పొడి గాలిని హీటర్ గుండా పంపిస్తే వెచ్చగానూ ఉంటుంది, అద్దం మీది తడినీ పీల్చేస్తుంది. చలికాలం ఘాట్ ఎక్కేటప్పుడు బయటి గాలి, ఏసీ, వెచ్చదనం మూడూ కలిపి పెట్టుకోండి. లోపలి గాలే తిప్పుతూ పోతే ఆవిరి ఒక్కటే కాదు, అందరూ వదిలిన ఊపిరే మళ్లీ పీలుస్తూ తల బరువెక్కి డ్రైవరుకి నిద్ర వస్తుంది. రాత్రి ట్రిప్పుల్లో అరగంటకోసారి బయటి గాలి తెరుస్తాను. ఈ బండిలో అదీ తెర లోపలే ఉంది.

మా విశాఖలో దీనికి తిరగేసిన కేసు ఇంకోటి ఉంది. ఆగస్టులో తెల్లవారుజామున ఉక్కపోతకి ఏసీ 18లో పెట్టి, గాలి ముందు అద్దానికి తగిలేలా ఉంచితే అద్దం బయటి పక్క తడి పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ల సీసాకి పట్టినట్టు. లోపల ఎంత తుడిచినా పోదు. వేలితో లోపల ఒక గీత గీయండి. గీత పడితే ఆవిరి లోపల, పడకపోతే బయట. బయటిదైతే వైపర్ వేసి, ఏసీ రెండు మూడు డిగ్రీలు పెంచి, గాలి అద్దం మీంచి తప్పిస్తే చాలు.

పెంచితే అన్నాను కదా, ఆ మాట దగ్గరే రోజూ గొడవ. శ్రీకాకుళం నుంచి సింహాచలం పెళ్లికి వచ్చిన ఒక మామ్మగారు ‘ఏసీ కాస్త పెంచు బాబూ’ అన్నారు. 24లో ఉన్నదాన్ని 22 చేశాను. రెండు నిమిషాలకి ‘పెంచమన్నాను కదయ్యా’ అన్నారు. 20 చేశాను. ఆవిడ పట్టుచీర కొంగు చెవుల మీదుగా చుట్టుకుని ముడుచుకుపోయారు. చివరికి మనవరాలు చెప్పింది, ఆవిడ పెంచమన్నది నంబరుని అని. కొందరికి పెంచడం అంటే చల్లదనం, కొందరికి డిగ్రీలు, ఇంకొందరికి ఫ్యాన్. పాత నాబు మీద నీలం, ఎరుపు ఉండేవి. వెనక నుంచి తొంగి చూసి ‘అటు తిప్పు’ అనేవాళ్లు, అయిపోయేది. ఇప్పుడు ‘చల్లగా కావాలా, వెచ్చగా కావాలా అండి’ అని అడిగి తెలుసుకుంటున్నాను. ఎక్కగానే 16 పెట్టమనేవాళ్లకి కూడా ఒక మాట. ఆటోలో ఉన్నప్పుడు, బండి బాగా కాగి ఉంటే, 16 పెట్టినా 23 పెట్టినా మొదట్లో అది తన శక్తి కొద్దీ చల్లబరుస్తుంది. 16 పెడితే తొందరగా చల్లబడదు, ఆపకుండా గడ్డకట్టిస్తుంది అంతే.

ఆటో మోడ్ నిజానికి మంచిదే. ఏప్రిల్‌లో దాన్ని నేనే అనుమానించాను. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది. గ్యాస్ తగ్గిందేమో అని ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన గ్యాస్ కొలిచే గేజీ కూడా తగిలించలేదు. డ్యాష్‌బోర్డు మీద నేను అంటించుకున్న సింహాద్రి అప్పన్న విగ్రహాన్ని ఊడదీశాడు. కింద శనగ గింజంత నల్లటి బుడిపె. అది ఎండ ఎంతుందో చూసే సెన్సారట. స్వామి దాని మీద కూర్చుని నీడ ఇస్తుంటే బండి సాయంత్రం అయిందనుకుంటోంది. ఏడాదంతా చందనం పూతలో చల్లగా ఉండి, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం చూపించే స్వామి, ఎండ సంగతి ఆయనకి తెలియదా అని మెకానిక్ నవ్వాడు. విగ్రహాన్ని నాలుగంగుళాలు పక్కకి జరిపాక ఫ్యాన్ దారిలోకి వచ్చింది. నా దగ్గర డబ్బులు తీసుకోలేదు. గ్యాస్ గురించి ఆయన చెప్పిన మాట కూడా గుర్తుంచుకోండి. గ్యాస్ డీజిల్‌లా ఖర్చయిపోయేది కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. కారేచోటు వెతక్కుండా ఏటా నింపుతానన్నవాణ్ణి నమ్మకండి.

లంబసింగి సంగతి సర్వీసు సెంటర్లో చెప్పాను. ఏసీ పేజీ తెర మీద ఎప్పుడూ ఉండేలా చెయ్యొచ్చా అని అడిగాను. అప్‌డేట్ వస్తుంది సార్ అన్నారు. ఒకటి వచ్చింది కూడా, మ్యాప్ రంగులు మారాయి. నోటితో చెబితే వింటుంది కదా, వాడండి అన్నారు. అరకు రోడ్డులో నా ఇంగ్లీషుతో ‘టెంపరేచర్ ట్వంటీ ఫోర్’ అన్నాను. ఎవరికో ఫోన్ కలపబోయింది.

అన్నిటికంటే నవ్వొచ్చేది ఏంటంటే, రెండో వరస వాళ్లకి పైకప్పు మీద ఫ్యాన్ కోసం గుండ్రటి నాబు ఇచ్చారు. చక్కగా తిరుగుతుంది, టక్కు టక్కుమంటుంది. మామ్మగారు కూడా ఎవరూ చెప్పకుండా తిప్పేసుకున్నారు. చేతులు ఖాళీగా కూర్చున్నవాళ్లకి నాబు, స్టీరింగ్ పట్టుకున్నవాడికి గాజుపలక.

మార్కులు వేయమంటే చల్లదనానికి ఐదుకి నాలుగున్నర, హీటర్‌కి నాలుగు. నడిపే పద్ధతికి ఒకటిన్నర, అది కూడా ఆ ఆవిరి గుర్తు ఒక్క నొక్కుతో అన్నీ చేస్తుంది కాబట్టి. ఊళ్లోనే తిరిగేవాళ్లు ఆటోలో 24 పెట్టుకుని మర్చిపోవచ్చు, కొనుక్కోండి. ఘాట్‌లో, రాత్రిళ్లు తిరిగేవాళ్లయితే ఇదే బండిలో తక్కువ రకం ఉంది, చిన్న తెర, దాని కింద మూడు నాబులు. లక్షకి పైగా తక్కువ కూడా. నాకు అది చూపించనే లేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడెలా నడుపుతున్నావంటే, మా ఆవిడ ఒక ఉపాయం చేసింది. నా లంబసింగి కథ విని, తన బొట్టు అట్టలోంచి రాళ్ల బొట్టు ఒకటి తీసి, పట్టీ కింద ప్లాస్టిక్ అంచు మీద, సరిగ్గా ముందు అద్దం గుర్తు కింద అంటించింది. ఎర్రది, చుట్టూ తెల్ల రాళ్లు. ఇప్పుడు చెయ్యి వెళ్లగానే బొటనవేలికి బొట్టు తగులుతుంది, చూపుడువేలు దాని పైన నొక్కుతుంది. చూడక్కర్లేదు. వానలకి రెండుసార్లు ఊడింది, మళ్లీ అంటించింది.

మొన్న పాడేరు ఘాట్‌లో ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ దాన్ని చూసి ‘దిష్టికి పెట్టావా బాబూ’ అని అడిగారు. అవునమ్మా అన్నాను. విడమరిచి చెప్పడానికి టైం లేదు, ముందు మలుపు ఉంది.